తలుపు ఎన్నిసార్లు తట్టవచ్చు?

ఆలీబాబా కథ ఎరగనివారుండరు. ఆ కథ చెప్పగానే అందరికీ ఆలీబాబా గుర్తొస్తాడు, మర్జియానా గుర్తొస్తుంది, నూనె జాడీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం చిన్నతనంనుంచీ అతని అన్న కాశిం మీదనే జాలి. పాపం, గుహలోకి వెళ్ళేటప్పుడు మాట సరిగానే పలికాడు. లోపల బంగారపు రాశులు చూసేసరికి మతిపోయి, బయటికి వచ్చేవేళకి ఆ మాటే మరిచిపోయాడు. ఏదో గింజ పేరని మాత్రం గుర్తు. బార్లీ అన్నాడు. ఇంకోటన్నాడు. నోటికొచ్చిన ధాన్యమల్లా వల్లించాడు. తలుపు కదల్లేదు. ఇంతలో దొంగలు రానే వచ్చారు.

మా బామ్మ ఈ కథ చెప్పినప్పుడు, "ఇంకో గంట ఆగి వస్తే వాడు చెప్పేసేవాడే!" అన్నానట నేను. బామ్మ నవ్వి ఊరుకుంది. కాని ఆలోచించి చూడండి, అందులో నిజం లేదూ? లోకంలో గింజలెన్ని? వరసగా చెప్పుకుంటూ పోతే నువ్వులు తగలకుండా పోతాయా? ఆ గుహ తలుపుకి రెండు లోపాలున్నాయి. మాట పలికినవాడు ఎవడని అది అడగదు. తప్పు మాట ఎన్నిసార్లు పలికినా విసుక్కోదు.

మనం మార్కులూ, డబ్బూ, ఇంటి చిరునామాలూ పెట్టి తాళం వేసుకున్నామనుకొనే కంప్యూటరు తలుపులు కొన్నిటికి ఇవాళ్టికీ ఈ రెండు లోపాలే ఉన్నాయని నాకు పోయిన విద్యాసంవత్సరంలోగాని తెలియలేదు. తెలిపినవాడు నా దగ్గర తెలుగు చదువుకొనే కంప్యూటరు సైన్సు కుర్రాడు. క్లాసులో ఆఖరి బెంచీ. పద్యం అప్పజెప్పమంటే పైకప్పు కేసి చూసే రకం. ఆ రోజు సాయంత్రం స్టాఫ్ రూములో నేనొక్కణ్ణే ఉండగా చూసి లోపలికి వచ్చాడు.

"మాస్టారూ, నావల్ల ఒక తప్పు జరిగింది. చెబితే తిడతారు. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు" అన్నాడు.

"తిట్టించుకుంటే నిద్ర పడుతుందంటే తిడతాను. ముందు కూర్చో" అన్నాను.

సంగతి ఇదీ. మా కాలేజీలో మార్కులూ, ఫీజు లెక్కలూ, ఇంటి చిరునామా, ఫోను నంబరూ అన్నీ ఒక వెబ్‌సైటులో ఉంటాయి. పిల్లలు రోల్ నంబరు కొట్టి, నాలుగంకెల రహస్య సంఖ్య కొడితే వాళ్ళ పేజీ తెరుచుకుంటుంది. మావాడు తన నాలుగంకెలూ మరిచిపోయాడు. ఒకటి కొట్టాడు, కాదంది. ఇంకోటి కొట్టాడు, కాదంది. ఇరవైసార్లు కొట్టాక వాడికి అనుమానం వచ్చింది: ఇది ఎన్నిసార్లయినా కాదంటుందేగాని, పొమ్మనదేం?

నాలుగంకెలంటే 0000 మొదలు 9999 దాకా, మొత్తం 10,000 సంఖ్యలు. మనిషి కూర్చుని కొట్టాలంటే వేళ్ళు పడిపోతాయి. మావాడు చిన్న ప్రోగ్రాము రాసి ఆ పని కంప్యూటరుకే అప్పగించాడు. సెకనుకి నాలుగు చొప్పున కొట్టినా 10,000 సంఖ్యలకీ పట్టేది ముప్పావుగంట కన్న తక్కువే. వాడు టీ తాగి వచ్చేసరికి తన పేజీ తెరుచుకుని ఉంది.

"మరి బ్యాంకు ఏటీఎంలోనూ నాలుగంకెలే కదోయ్! అక్కడ లేని భయం ఇక్కడెందుకు?" అన్నాను, తెలివిగా అడిగాననుకుని.

"అక్కడ సాధారణంగా మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆ పూటకి ఆగిపోతుంది, మాస్టారూ. బలం అంకెల్లో లేదు, లెక్కపెట్టడంలో ఉంది" అన్నాడు.

ఈ మాట నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆఖరి బెంచీ వాడు చెప్పింది రాసుకోవడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

అంతటితో వాడు నన్ను వదిలిపెట్టలేదు. "మాస్టారూ, లెక్చరర్లకీ అదే సైటు. మీ నాలుగంకెలూ పుట్టిన సంవత్సరమా?" అన్నాడు. కాదన్నాను గర్వంగా. "అయితే పెళ్ళయిన సంవత్సరం" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "పోనీలెండి, మన పెళ్ళి ఏ సంవత్సరం అయిందో మీకు గుర్తుందని ఈ వంకనన్నా తెలిసింది" అంది.

ఇహ వాడికి నిద్రపట్టకుండా చేసిన రెండో సంగతి. తన పేజీ తెరుచుకున్నాక, తెరమీద పైన ఉండే అడ్రసు వరస చివర వాడి రోల్ నంబరే కనిపించింది. "ఈ చివరి అంకె మారిస్తే ఏమవుతుంది?" అనిపించింది. మార్చాడు. పక్క నంబరు విద్యార్థి పేజీ వచ్చేసింది! ఇంటి చిరునామా, తండ్రి పేరు, ఫోను నంబరు, అన్నీ. ఆ పక్క నంబరు వాడి క్లాసులోని ఒక ఆడపిల్లది.

"వెంటనే మూసేశాను, మాస్టారూ. ఏమీ రాసుకోలేదు" అన్నాడు. వాడి మొహం చూస్తే అబద్ధమనిపించలేదు.

మనం తెరమీద ఏది నొక్కినా అది అవతలి కంప్యూటరుకి ఒక అర్జీగా వెళుతుందట. "ఫలానా నంబరు వారి పేజీ చూపించండి" అని అర్జీ. చూపించేముందు ఆ అర్జీ పెట్టినదెవరు, అడిగిన కాగితం వారిదేనా అని చూడాలి. మా వెబ్‌సైటు వీధి గుమ్మంలో మాత్రం పేరడిగింది. లోపలికి అడుగుపెట్టాక ఇహ ఏ అలమారు తెరిచినా మాట్లాడలేదు. మా వీధిలో ఇస్త్రీ బండి అబ్బాయి నయం. నేను రోజూ కనబడే మనిషినే అయినా, పక్కింటివారి పట్టుచీర నా చేతిలో పెట్టమంటే పెడతాడా?

వాణ్ణి పంపేశాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ సంగతి పైవారికి వెంటనే చెప్పవలసింది. కాని కుర్రాడి మీదికి వస్తుందేమో, నా మీదికీ వస్తుందేమో అని మీనమేషాలు లెక్కపెడుతూ మూడు రోజులు ఊరుకున్నాను. ఆ మూడు రోజులూ తలుపు అలా బార్లా తెరిచే ఉంది.

నాలుగోనాడు చెప్పాను. అనుకున్నంతా అయింది. "వాడెవడు? దొంగతనంగా జొరబడతాడా? టి.సి. ఇచ్చి పంపెయ్యాలి!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. క్రమశిక్షణ సంఘం శుక్రవారం కూర్చుంటుందన్నారు. ఆ సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది. నాకు తెలిసిన విద్య చదవడమొకటే గనుక, ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ మావాడి కథ కొత్తది కాదని తెలిసింది.

1979లో అమెరికాలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసం రాశారు. కంప్యూటరు వాడే మనుషులు ఎంచుకున్న 3,289 రహస్య పదాలు పోగుచేసి చూశారు. అందులో 2,831, అంటే నూటికి 86, తేలిగ్గా ఊహించగలిగినవే. ఒక్క అక్షరంతో సరిపెట్టినవారు 15 మంది. రెండక్షరాలవారు 72 మంది. మిగిలినవి మూడు మొదలు ఆరక్షరాల దాకా ఉన్నవీ, నిఘంటువులో దొరికే మాటలూ, మనుషుల పేర్లూను. నా పెళ్ళి సంవత్సరానికి పెద్ద వంశమే ఉందన్నమాట!

తొమ్మిదేళ్ళు గడిచాయి. 1988 నవంబరు 2న సాయంత్రం అమెరికాలో కంప్యూటర్లు ఒకటొకటిగా నీరసించిపోవడం మొదలుపెట్టాయి. ఎవరో వదిలిన ప్రోగ్రామొకటి పురుగులా ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పాకుతోంది. సుమారు 6,000 కంప్యూటర్లు దాని వాత పడ్డాయని అప్పటి అంచనా. ఆనాటికి ఇంటర్నెట్టులో ఉన్నవన్నీ కలిపితే 60,000 ఉంటాయనుకునేవారు. అంటే పదింట ఒకటి. వదిలినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న 22 ఏళ్ళ కుర్రాడు. పేరు రాబర్ట్ టాపన్ మోరిస్. అవును, ఆ వ్యాసం రాసిన మోరిస్ గారి కొడుకే! తండ్రి అప్పటికి అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు రక్షణ కేంద్రంలో పెద్ద శాస్త్రజ్ఞుడు. ఏ లోపాల గురించి తండ్రి లోకాన్ని హెచ్చరించాడో, అలాంటి లోపాల్లోంచే కొడుకు దూరాడు. ఇది కల్పించి రాస్తే సంపాదకులు "నమ్మేటట్టు లేదు" అని తిప్పి పంపేవారు.

ఆ పురుగు వాడుకున్న దారుల్లో రెండు సరిగ్గా మా కాలేజీ లోపాలకి అన్నదమ్ములు. మొదటిది అర్జీ దారి. ఆ కంప్యూటర్లలో "ఫలానా మనిషి ఎవరు?" అని అడిగితే జవాబు చెప్పే గుమాస్తా ప్రోగ్రాము ఒకటుండేది. ప్రశ్న రాసుకోవడానికి 512 అక్షరాల చోటు పెట్టుకుందది. ప్రశ్న అంతలోనే ఉందా అని కొలిచి చూడలేదు. పురుగు 536 అక్షరాలు పంపింది. ఎక్కువైన అక్షరాలు గట్టు దాటి పక్కకి పొర్లాయి. ఆ పక్కనే "ఈ పని అయ్యాక చేయవలసింది" అని గుమాస్తా తనకోసం గుర్తు రాసుకొనే చోటు ఉంది. దానిమీద పురుగు రాత పడింది. గుమాస్తా ఆ రాత తనదే అనుకుని, పురుగు చెప్పినట్టల్లా చేశాడు.

రెండోది ఊహించే దారి. రహస్య పదాలు గుప్తలిపిలో రాసిన పట్టిక ఆ రోజుల్లో లోపలున్న ఎవరికైనా కనిపించేది. గుప్తలిపిని వెనక్కి చదవడం కుదరదు. కాని ఒక మాట అనుకుని, దాన్ని అదే లిపిలోకి మార్చి, పట్టికతో సరిచూసుకోవచ్చు. పురుగు మొదట మనిషి పేరే రహస్య పదమేమో చూసింది. తరవాత ఆ పేరునే తిరగేసి చూసింది. ఆపైన తనవెంట తెచ్చుకున్న 432 మాటల జాబితా తీసింది. "ఇన్నిసార్లు తప్పావు, ఇహ చాలు" అనేవారు లేరు. కాశిం గింజల జాబితా ఇదే!

కొడుకు మోరిస్‌కి 1990లో శిక్ష పడింది. జైలు కాదు. మూడేళ్ళు నిఘా కింద ఉండటం, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా. ఆ తరవాత అతనే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడయ్యాడు.

అంత పెద్ద దెబ్బ తిన్నాక లోకం నేర్చుకుందా? 2009 జనవరిలో ట్విట్టరు సంస్థలో ఒక ఉద్యోగిని రహస్య పదాన్ని 18 ఏళ్ళ కుర్రాడొకడు ప్రోగ్రాముచేత వేలసార్లు ఊహింపజేసి పట్టేశాడు. అన్నిసార్లు తప్పినా తలుపు వద్దనలేదు. ఆ పదం "హ్యాపీనెస్". ఆనందం! ఆ ఆనందం తాళంతో తెరుచుకున్నవాటిలో, ఇంకా ప్రమాణ స్వీకారం చెయ్యని ఒబామా గారి ఖాతా కూడా ఉంది.

ఇహ మనవాళ్ళ కథ ఒకటి. 2016లో బెంగుళూరులో ఉన్న ఆనంద్ ప్రకాశ్ అనే యువ ఇంజనీరు ఫేస్‌బుక్‌లో ఒక సంగతి కనిపెట్టాడు. రహస్య పదం మరిచిపోయామంటే ఆ సంస్థ ఫోనుకి ఆరంకెల సంఖ్య పంపుతుంది. ఆరంకెలంటే 10 లక్షల సంఖ్యలు. అసలు వెబ్‌సైటులో పది పన్నెండుసార్లు తప్పితే ఆపేస్తున్నారు. కాని కొత్త మార్పులు సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకున్న ఇంకో ద్వారంలో ఆ లెక్క పెట్టడం మరిచారు. వీధి గుమ్మానికి ఇత్తడి తాళమూ, పెరటి గుమ్మానికి పురికొసా! ఆనంద్ ప్రకాశ్ తన సొంత ఖాతా మీదనే పరీక్షించి చూసి, సంస్థకి తెలియజేశాడు. వారు లోపం సరిచేసి, 15,000 డాలర్లు బహుమానం ఇచ్చారు. అప్పటి లెక్కలో సుమారు 10 లక్షల రూపాయలు.

ఒకచోట పది లక్షలు. ఇంకోచోట టి.సి.

శుక్రవారం వచ్చింది. నేను ఈ కథలన్నీ చెప్పాను. చట్టం సంగతి ఒకరు ఎత్తితే, అదీ చదివి వినిపించాను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలో 43వ సెక్షను అనుమతి లేని ప్రవేశం గురించి చెబుతుంది. మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అనేది 66వ సెక్షను. ఆ పని నిజాయితీ లేకుండా గాని, మోసంతో గాని చేసినప్పుడే ఆ శిక్ష. "ఇలాంటి లోపాలు తెలియజేయమని సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 2004 నుంచీ ఉంది. చెప్పడానికి వచ్చినవాణ్ణి కొడితే, రేపు ఇంకో కుర్రాడు కనిపెట్టి చెప్పడు. దాచుకుంటాడు, లేదా అమ్ముకుంటాడు" అన్నాను.

"అయితే వాడు చేసింది ఒప్పేనంటారా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అది న్యాయమైన ప్రశ్న. తన పేజీ మీద చేసింది వేరు. రెండోసారి అంకె మార్చి ఇంకొకరి గది తలుపు తోయడం ఒప్పు కాదు. తెరుచుకుంటుందని అనుమానం వచ్చినప్పుడే చెప్పవలసింది. ఆ మాట కుర్రాడి ఎదుటే అన్నాను. వాడు తల వంచుకున్నాడు.

అప్పుడు సంఘంలోని ఒక మేడమ్ గారు, "మనమంతా మాట్లాడుతున్నాం. పేజీ తెరుచుకున్నది ఎవరిదో ఆ అమ్మాయిని అడిగామా?" అన్నారు. నిజమే, ఎవరికీ తట్టలేదు. పిలిపించారు. ఆ అమ్మాయి నిలబడి, సంగతంతా విని, కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా చెప్పింది. ఎవడో వేళకాని వేళ ఫోను చేసి వేధిస్తుంటే వేసవిలో నంబరు మార్చిందట. కొత్త నంబరు ఇంట్లోవాళ్ళకీ, ఇద్దరు స్నేహితురాళ్ళకీ, కాలేజీకీ తప్ప ఇవ్వలేదట. పది రోజులుగా మళ్ళీ ఫోన్లు వస్తున్నాయట.

"ఇతను చెయ్యలేదని నాకు తెలుసండీ, ఆ గొంతు వేరు. ఇతన్ని ఏం చేస్తారో మీ ఇష్టం. ముందు ఆ తలుపు మూయించండి" అంది.

ఆ నంబరు బయటికి పోయింది మా వెబ్‌సైటులోంచే అని రుజువు లేదు. కాదని రుజువూ లేదు. ఎవరు ఎన్నిసార్లు తట్టారో ఎక్కడా రాసిపెట్టని తలుపది. నాకు మాత్రం నేను ఊరుకున్న మూడు రోజులూ కళ్ళముందు నిలిచాయి. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే వెబ్‌సైటు ఆపేశారు. దాన్ని తయారుచేసినవారు వారంలో బాగుచేసి ఇచ్చారు. ఇప్పుడు ఐదుసార్లు తప్పితే కాసేపు ఆగమంటుంది. ఇంకా తప్పితే ఇంకాస్త ఎక్కువసేపు. "పూర్తిగా మూసేస్తే పోదా?" అని అడిగాను మావాణ్ణి. "కొంటెవాడెవడో పరీక్ష ఫీజు ఆఖరి రోజున మీ నంబరు మీద కావాలని తప్పులు కొట్టి, మీ తలుపు మీకే మూయిస్తాడు, మాస్టారూ" అన్నాడు. నాలుగంకెలు పోయి పొడుగాటి పదం వచ్చింది. లోపల ప్రతి పేజీ దగ్గరా "ఇది నీదేనా?" అని అడుగుతోంది. కుర్రాడికి టి.సి. ఇవ్వలేదు. ఆ అమ్మాయికి క్షమాపణ ఉత్తరం రాయించారు. కాలేజీ మాత్రం ఎవరికీ ఏ ఉత్తరమూ రాయలేదు.

మన ఇళ్ళలో చేసుకోవలసింది పెద్దగా లేదు. పుట్టిన సంవత్సరాలూ, పెళ్ళి సంవత్సరాలూ, పిల్లల పేర్లూ తాళాలుగా పెట్టకండి. ఒకే తాళం అన్ని గదులకీ వాడకండి. ఫోనుకి వచ్చే అంకెలు ఎవరు అడిగినా చెప్పకండి. అవతల ఎంత గట్టి లెక్క ఉన్నా, తాళంచెవి మనమే చేతిలో పెడితే అది ఏం చేస్తుంది? మిగిలిన బాధ్యత తలుపు కట్టినవారిది. దాన్ని మన నెత్తిన వేసుకోనక్కర లేదు. బడి అయినా, ఆసుపత్రి అయినా మన వివరాలు రాయించుకున్నప్పుడు, "తప్పు కొడితే ఎన్నిసార్లు ఊరుకుంటుందండీ మీ తలుపు?" అని అడగడం మర్యాదకి లోపం కాదు.

ఇంట్లో పిల్లవాడెవడైనా వచ్చి "ఒక తప్పు జరిగింది" అంటే, ముందు కూర్చోబెట్టి వినండి. నాలాగ మూడు రోజులు ఆలోచించకండి.

మా ఆవిడ ఇప్పుడు నా కొత్త రహస్య పదం ఏమిటని అడుగుతోంది. చెప్పనన్నాను. "మరిచిపోతే?" అంటుంది. మరిచిపోతే కాశింలా కూర్చుని గింజల పేర్లు చెబుతాను. అయిదోదాని దగ్గర తలుపే నన్ను ఆపుతుంది. ఆపాలి కూడాను.